స్థానాలు మార్చుకున్న రెండు మాటలు: ‘స్వూన్’ నుంచి మూర్ఛ దాకా

ఇంగ్లీషులో ‘స్వూన్’ అని పాతబడిన క్రియ ఒకటి ఉంది. స్పృహ తప్పి ఒరిగిపోవడమని దాని అర్థం. ఈ కాలపు వైద్యుడెవడూ దానిని కేస్‌షీటు మీద రాయడు, ‘సింకపీ’ అని రాస్తాడు. ఇంట్లోవాళ్ళు ‘ఫెయింట్’ అయ్యాడంటారు. ‘స్వూన్’ మాత్రం కావ్యాలలో, పాత నవలలలో, సినిమా తారల మీద పత్రికలు విసిరే చమత్కారాలలో మిగిలిపోయింది. ఆ క్రియకు తెలుగు చెప్పమంటే చదువుకున్నవారు తడుముకోకుండా ‘మూర్ఛిల్లు’ అంటారు. ఆ జవాబులో తప్పు లేదు. ‘మూర్ఛ’ అనే నామవాచకం దగ్గరికి వచ్చేసరికి మాత్రం చిక్కు మొదలవుతుంది. మన పాత గ్రంథాలలో ఆ మాటకున్న అర్థం వేరు, నేటి ఆసుపత్రి బోర్డుల మీద ఉన్న అర్థం వేరు. ఇంగ్లీషు క్రియ వైద్యాన్ని వదిలి కవిత్వంలోకి తప్పుకుంది. తెలుగు మాట కవిత్వాన్ని వదిలి వైద్యంలో స్థిరపడింది, అదీ తనది కాని వ్యాధి పేరుగా. ఈ ఎదురుబొదురు ప్రయాణాలను పక్కపక్కన పెట్టి చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా వ్యుత్పత్తులు. స్పృహ తప్పడాన్ని ఏ భాష ఏ రూపంలో ఊహించిందో అవి చెబుతాయి. ‘స్వూన్’ మూలాన్ని ఊపిరాడకుండా కమ్ముకోవడమనే భావమున్న పాత ఇంగ్లీషు ధాతువుతో ముడిపెడతారు. ‘సింకపీ’ గ్రీకు మాట, తెగగొట్టడమని దాని భావం. ‘ఫెయింట్’ పాత ఫ్రెంచి నుంచి వచ్చింది. నటించడమనే అర్థమున్న ‘ఫెయిన్’ దానికి తోబుట్టువు. నిజంగా పడిపోవడం, పడిపోయినట్టు నటించడం ఒకే కడుపున పుట్టాయన్నమాట. నేను పనిచేసే ఖతీఫ్‌లో రోజూ చెవిన పడే అరబ్బీలో స్పృహ తప్పడానికి ‘ఇగ్మా’ అనీ, ‘గషీ’ అనీ మాటలున్నాయి. రెండోదానిలో కప్పివేయడమనే భావం ఉంది. ఉర్దూలోని ‘గష్’ అదే. అపస్మార వ్యాధికి మాత్రం అరబ్బీలో ‘సరఅ’ అనే వేరే మాట ఉంది. దాని ధాతువుకు పట్టి పడవేయడమని అర్థం, మల్లయుద్ధం పేరు కూడా దాని నుంచే వచ్చింది. ఇక సంస్కృత ‘మూర్ఛ’ ధాతువుకు గడ్డకట్టడం, చిక్కబడడం, వ్యాపించడం అనే అర్థాలు కూడా ఉన్నాయి. సంగీతంలోని ‘మూర్ఛన’, రసశాస్త్రంలో పాదరసానికి చేసే ‘మూర్ఛనం’ ఆ ధాతువు పిల్లలే.

అచ్చతెలుగు సంపద ఇంకా పెద్దది. సొమ్మసిల్లడం, సొక్కడం, సోలిపోవడం, తెలివి తప్పడం, కళ్ళు బైర్లు కమ్మడం ఒకదానికొకటి పర్యాయాలు కావు. సొక్కడంలో మత్తు ఉంది, సొక్కుపొడి అన్న మాట అందుకే పుట్టింది. సోలడంలో ఒరిగిపోయే మెత్తదనం ఉంది. సొమ్మసిల్లడంలో ఉన్నది శరీరం చేతులెత్తేయడం. దాని మొదటి భాగమైన ‘సొమ్మ’ విడిగా వాడుకలో లేకపోయినా, పాతకాలంలో అపస్మార వ్యాధిని ‘కాకిసొమ్మ’ అనేవారు. సొమ్మ వేరు, కాకిసొమ్మ వేరు అని అక్షరం రాని మన పూర్వులు గుర్తించారు.

వీరులు స్పృహ తప్పిన కాలం

పాత సాహిత్యంలో స్పృహ తప్పడమంటే ఆడవాళ్ళ వ్యవహారమని చాలామంది అనుకుంటారు. బిగుతైన కార్సెట్లు ఊపిరాడనివ్వక పందొమ్మిదో శతాబ్దపు దొరసానులు పడిపోయేవారన్న వివరణ కూడా వినిపిస్తుంది. కొందరి విషయంలో అది నిజమే కావచ్చు. సాహిత్యానికి మాత్రం ఆ వివరణ చాలదు. ఫ్రెంచి వీరగాథ ‘రోలాండ్ గీతం’లో మేనల్లుడి శవాన్ని చూసి షార్లమేన్ చక్రవర్తి మళ్ళీమళ్ళీ స్పృహ తప్పుతాడు. ఆయన సైన్యంలో ఇరవై వేలమంది దుఃఖంతో నేలకొరుగుతారు. చాసర్ కావ్యంలో ట్రాయిలస్, ప్రేయసి మంచం పక్కనే పడిపోతాడు. నరకంలో ఫ్రాంచెస్కా ప్రేమకథ విన్న డాంటే చచ్చిన దేహంలా కూలిపోతాడు. వీరిలో ఎవరికీ కార్సెట్టు లేదు, ఎవరికీ సిగ్గు లేదు. ఆ కాలంలో వీరుడి మూర్ఛ అతని హృదయానికి కొలమానం.

మన దగ్గరా అంతే. భవభూతి ‘ఉత్తరరామచరితం’ మూడో అంకంలో రాముడు పదేపదే స్పృహ తప్పుతాడు. అతని కంటికి కనిపించని సీత వచ్చి తాకితే తేరుకుంటాడు. ‘రఘువంశం’ ఎనిమిదో సర్గలో నారదుడి వీణ మీది పూలమాల తగిలి ఇందుమతి ఒరిగిపోతే, ఆమెతోపాటు అజమహారాజూ పడిపోతాడు. పరిచారకులు విసనకర్రలతో విసురుతారు. రాజు తేరుకుంటాడు, ఆమె అలాగే ఉంటుంది. ఆయువు మిగిలి ఉంటేనే చికిత్స ఫలిస్తుందని కాళిదాసు అక్కడ ముక్తసరిగా ఒక మాట అంటాడు. ఒకే తోటలో ఒకేసారి పడిన ఇద్దరిలో ఒకరిది మూర్ఛ, మరొకరిది మరణం. చూడడానికి రెండూ ఒకటే. తేడా తెలిసేది తరువాతి నిమిషంలో. అత్యవసర విభాగంలో పనిచేసిన ఏ వైద్యుడికైనా ఆ నిమిషం ఎంత పొడుగో తెలుసు.

ఆ తరువాత రెండు సాహిత్యాలలోనూ మగవాళ్ళు మూర్ఛపోవడం మానేశారు. మన సినిమాలలో పనివిభజన మరీ స్పష్టం. ఆడపిల్ల కళ్ళు తిరిగి పడిపోతుంది, డాక్టరు నాడి చూసి శుభవార్త చెబుతాడు. తండ్రి అయితే గుండె పట్టుకుంటాడు. దుఃఖం ఒకటే అయినా, మగవాడి శరీరానికి మూర్ఛను మర్యాద లేని పనిగా ఏదో కాలంలో తీర్మానించాం. ఏ కాలం ఎవరి దేహానికి ఏ భావోద్వేగంతో కూలిపోయే అనుమతి ఇచ్చిందో చెప్పే పత్రం ఈ క్రియ.

సీజర్‌కు ముగ్గురు వైద్యులు

షేక్‌స్పియర్ ఈ క్రియను వాడిన చోట్లలో వైద్యుడికి మిక్కిలి ఆసక్తి కలిగించేవి రెండు. మొదటిది ‘జూలియస్ సీజర్’ మొదటి అంకం. కిరీటాన్ని మూడుసార్లు కాదన్న సీజర్ బజారులో పడిపోయాడని కాస్కా వచ్చి చెబుతాడు. ‘స్వూన్’ అయ్యాడా అని కాసియస్ ఆశ్చర్యపోతాడు. గుంపు వదిలిన దుర్గంధపు ఊపిరికి తట్టుకోలేక పడ్డాడన్నది కాస్కా నిర్ధారణ. కాని నోట నురగ వచ్చిందని, మాట పడిపోయిందని కూడా అతడే చెబుతాడు. అది వినగానే బ్రూటస్ తేల్చేస్తాడు, ఆయనకు పడే జబ్బు ఉందని. పడే జబ్బంటే ఆ కాలపు ఇంగ్లీషులో అపస్మారం. ఆ పేరును కాసియస్ వెంటనే రాజకీయంలోకి తిప్పుతాడు, పడే జబ్బు సీజర్‌ది కాదు మనదేనని. సాక్షి ఒకడు, వ్యాఖ్యాతలు ఇద్దరు, పేర్లు రెండు. ఏ పేరు పెట్టామన్నదాన్ని బట్టి మనిషి భవితవ్యం మారిపోతుందని ఆ సంభాషణ చూపిస్తుంది. ‘స్వూన్’ అంటే అలసిన మనిషి. పడే జబ్బు అంటే పాలించడానికి తగని మనిషి.

రెండోది ‘యాజ్ యు లైక్ ఇట్’. మగవేషంలో ఉన్న రోజలిండ్, ప్రియుడి నెత్తురంటిన చేతిరుమాలు చూసి పడిపోతుంది. నెత్తురు చూస్తే చాలామందికి ఇలా అవుతుందని పక్కనున్న ఆలివర్ సర్దిచెబుతాడు. తేరుకున్నాక ఆమె, మూర్ఛను ఎంత బాగా నటించానో మీ తమ్ముడికి చెప్పమంటుంది. నిజంగా పడి, పడినట్టు నటించానని నటించడం! ‘ఫెయింట్’, ‘ఫెయిన్’ తోబుట్టువులని చెప్పుకున్నాం గదా, ఈ ఘట్టం దానికి వ్యాఖ్యానంలా ఉంటుంది.

తరువాతి నవలలలో ఈ నటన అనుమానమే పెద్ద వివాదమయింది. రిచర్డ్‌సన్ ‘పమేలా’ (1740)లో యజమాని బలాత్కారానికి దిగినప్పుడు పనిపిల్ల స్పృహ తప్పుతుంది, ఆ మూర్ఛే ఆమెను కాపాడుతుంది. ఏడాది తిరగకుండానే ఫీల్డింగ్ ‘షమేలా’ రాసి, ఆ మూర్ఛ అంతా నాటకమన్నాడు. జేన్ ఆస్టిన్ పద్నాలుగేళ్ళ వయసులో రాసిన హాస్యరచనలో ఇద్దరు స్నేహితురాళ్ళు సోఫా మీద వంతులవారీగా మూర్ఛపోతారు. తడినేల మీద పడి జబ్బుచేసిన ఒకతె చనిపోతూ, పిచ్చెత్తినా పరవాలేదు గాని మూర్ఛ మాత్రం పోవద్దని రెండోదానికి హితవు చెబుతుంది. ఆ నవ్వు తరువాత ‘స్వూన్’ను ఇంగ్లీషు రచయిత అమాయకంగా వాడడం కష్టమయింది.

అయినా కవిత్వం దాన్ని వదలలేదు. ‘బ్రైట్ స్టార్’ సానెట్‌ను కీట్స్ ఈ క్రియతోనే ముగించాడు. అక్కడ అది మరణానికి ముందుమెట్టు, సుఖానికి చివరిమెట్టు. కీట్స్ లండన్ గైస్ ఆసుపత్రిలో శిక్షణ పొంది 1816లో లైసెన్సు తీసుకున్నవాడు, క్షయతో తమ్ముడు పోతుంటే దగ్గరుండి చూసినవాడు. స్పృహ ఎలా పోతుందో తెలిసి వాడిన మాట అది. జాయిస్ ‘ద డెడ్’ కథ చివర ఈ క్రియకు కర్త శరీరం కాదు, ఆత్మ. 1940లలో ఫ్రాంక్ సినాట్రా పాటకు అమెరికన్ అమ్మాయిలు ఒరిగిపోతున్నారని పత్రికలు రాసినప్పుడు ఈ క్రియ అభిమానానికి పర్యాయమయింది. నేడు ‘స్వూన్’ అయ్యానని చెప్పే మనిషి కుర్చీలోంచి కూడా లేచి ఉండడు. మన భావకవులు కీట్స్‌ను, షెల్లీని ఇష్టంగా చదివినవారే అయినా ఈ భావానికి వారికి దగ్గరైనవి పరవశం, వివశత, సోలిపోవడం వంటి మాటలు. ‘మూర్ఛ’లో అప్పటికే ఏదో బరువు చేరింది.

మన శాస్త్రాలు గీసిన గీత

ఆ బరువు ఎక్కడిదో తెలియాలంటే పాత గ్రంథాలకు వెళ్ళాలి. భరతుడి నాట్యశాస్త్రం ఎనిమిది సాత్త్వికభావాలు చెప్పింది: స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. ఇక్కడ ప్రళయమంటే లోకం మునగడం కాదు, స్పృహ మునగడం. ఈ జాబితాలోని చెమట, ముఖం పాలిపోవడం, ఆపైన స్పృహ పోవడం నేటి వైద్యులు ‘వేసోవేగల్ సింకపీ’ అనే సాధారణ మూర్ఛ లక్షణాలు, దాదాపు ఆ వరుసలోనే. భయం వల్లనో, నొప్పి వల్లనో, నెత్తురు చూడడం వల్లనో వేగస్ నాడి గుండె వేగాన్ని తగ్గిస్తుంది, రక్తనాళాలు వ్యాకోచిస్తాయి, రక్తపోటు పడిపోతుంది, మెదడుకు కొన్ని క్షణాలు నెత్తురు చాలదు. మనిషి నేల మీద పడుకోగానే నెత్తురు తిరిగి మెదడుకు చేరుతుంది, తెలివి వస్తుంది. పడిపోవడమే ఇక్కడ చికిత్స.

అదే భరతుడు ముప్పైమూడు వ్యభిచారిభావాలలో మోహాన్ని, అపస్మారాన్ని విడివిడిగా లెక్కపెట్టాడు. అపస్మారానికి చెప్పిన అభినయంలో వణుకు, నేల మీద పడడం, నోట నురగ ఉన్నాయి. ఆయన కళ్ళతో చూస్తే కాస్కా సాక్ష్యం వెంటనే ఒక గూటిలో పడుతుంది. వైద్యగ్రంథాలదీ అదే క్రమశిక్షణ. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రంలో మూర్ఛకు ఒక అధ్యాయం, అపస్మారానికి వేరొక అధ్యాయం ఉన్నాయి. మాధవనిదానం కూడా రెండింటినీ వేరుగానే చెప్పింది. సుశ్రుతుడు చెప్పిన ఆరు రకాల మూర్ఛలలో రక్తం వల్ల కలిగేది ఒకటి. రోజలిండ్‌కు వచ్చినది అదే. అతడు చెప్పిన చికిత్స చన్నీళ్ళు, చల్లని లేపనాలు, హారాలు, విసనకర్రల గాలి. మన ప్రబంధాలలో నాయిక సొమ్మసిల్లగానే చెలికత్తెలు చేసే శైత్యోపచారాలు కవిసమయమని కొట్టిపారేస్తాం గాని, ఆ వస్తుసామగ్రి వైద్యగ్రంథంలో ఉన్నదే.

కవికి, వైద్యుడికి మధ్య ఆ రోజుల్లో ఉన్న చనువుకు శ్రీహర్షుడి ‘నైషధం’ నాలుగో సర్గ మంచి సాక్ష్యం. మన శ్రీనాథుడు ‘శృంగారనైషధం’గా తెలుగు చేసిన కావ్యమిది. విరహంతో దమయంతి మూర్ఛిల్లుతుంది. గగ్గోలు విని భీమరాజు మంత్రిని, వైద్యుణ్ణి వెంటబెట్టుకొని వస్తాడు. ఇద్దరూ ఒకే మాట చెబుతారు. వైద్యుడి నోట దాని అర్థం: సుశ్రుతుడూ చరకుడూ చెప్పినదాని ప్రకారం ఈమె తాపానికి ‘నలదం’, అంటే వట్టివేరు, తప్ప మందు లేదు. మంత్రి నోట అదే మాటకు అర్థం: చారుల వల్ల చక్కగా విన్నదాని ప్రకారం నలుణ్ణి ఇచ్చేవారు తప్ప ఈమె తాపం తీర్చేవారు లేరు. నిదానం ఒకటే, మందులు రెండు. రాజుకు విషయం తెలిసి స్వయంవరానికి పూనుకుంటాడు. శ్లేష ఎంత గొప్పదో పండితులు చెప్పారు. నాకు అంతకన్నా గొప్పగా తోచేది, ఆ గదిలో ఎవరూ దమయంతిది అపస్మారమని అనుకోకపోవడం.

తారుమారు

ఇప్పుడు ఈనాటి తెలుగు పత్రిక తెరవండి. ప్రమాదంలో గాయపడినవాడు ‘అపస్మారక స్థితి’లో ఉన్నాడని రాస్తారు. దానికి ఊరికే స్పృహ లేదని అర్థం. ఆరోగ్యం పేజీలో ‘మూర్ఛవ్యాధి’ మీద వ్యాసం ఉంటుంది. దానికి అర్థం అపస్మారం, వాడుకలో ఫిట్స్. సుశ్రుతుడు మూర్ఛ అన్నదానికి మనం అపస్మారం పేరు పెట్టాం, ఆయన అపస్మారం అన్నదానికి మూర్ఛ పేరు పెట్టాం. రెండు మాటలూ చప్పుడు చేయకుండా స్థానాలు మార్చుకున్నాయి. ‘సొమ్మ’ వాడుకలోంచి పోయింది, దానితో ‘కాకిసొమ్మ’ కూడా పోయింది.

ఇలా జరగడానికి శరీరంలోనే కొంత కారణం ఉంది. మామూలు మూర్ఛలో కూడా మెదడుకు నెత్తురు అందని ఆ కొద్ది క్షణాలలో కాళ్ళు చేతులు కొట్టుకోవచ్చు. జర్మనీ పరిశోధకులు 1994లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ఆరోగ్యవంతులైన యువకులు పరిశోధన కోసం కావాలని స్పృహ తప్పించుకున్నారు. స్పృహ పూర్తిగా తప్పినవారిలో నూటికి తొంభైమందికి ఇలాంటి కుదుపులు కనిపించాయి. విలియం గవర్స్ అనే నాడీవైద్యుడు 1907లో అపస్మారపు సరిహద్దుల మీద ఒక పుస్తకమే రాశాడు, అందులో మొదట పరిశీలించినది మామూలు మూర్ఛనే. సరిహద్దు నిజంగా సన్ననిది. అందుకే పేర్లు విడిగా ఉండడం మరింత అవసరం.

దీనివల్ల మొదటి నష్టం చదువుకు. లక్ష్మణమూర్ఛ అన్న మాటను ఈ తరం పిల్లవాడు వింటే లక్ష్మణుడికి ఫిట్స్ వచ్చాయా అని అడుగుతాడు. ‘రఘువంశం’ పద్నాలుగో సర్గలో రాముడు తనను విడిచాడని విన్న సీత స్పృహ తప్పుతుంది. ఆ కాసేపూ ఆమెకు దుఃఖం లేదు, లక్ష్మణుడు కష్టపడి తెప్పించిన తెలివే మోహంకన్నా క్రూరమైందంటాడు కాళిదాసు. ‘కుమారసంభవం’లో మన్మథుడు దహనమైన క్షణాన రతికి స్పృహ పోవడం ఆమెకు జరిగిన ఉపకారంలా ఉందంటాడు. మూర్ఛ ఇక్కడ జబ్బు కాదు, భరించలేని ఎరుకకు తెర. ‘మూర్ఛ’ అనగానే తాళంచేతుల గుత్తి చేతిలో పెట్టడం గుర్తుకొచ్చే పాఠకుడికి ఆ కరుణ అందదు.

రెండో నష్టం మనుషులకు. ఖతీఫ్ సముద్రతీరపు ఖర్జూరవనాల ఊరు. ఎండ, ఉక్క కలిసి వచ్చే నెలలు ఇక్కడ దుర్భరం. సౌదీ ప్రభుత్వం జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకు ఆరుబయట ఎండలో పనిని నిషేధించింది. ఎండదెబ్బకు సొమ్మసిల్లే కార్మికులలో కడప, కరీంనగర్, గోదావరి జిల్లాల వాళ్ళు కనిపిస్తూనే ఉంటారు. అలా పడిపోయిన ఒక డ్రైవరు చేతిలో ఒక కాగితంతో నా దగ్గరికి వచ్చాడు. పక్కవాడు “మూర్ఛొచ్చింది సార్” అన్నాడట. మధ్యలో మాట కలిపినవాడు దాన్ని అరబ్బీలోకి తిప్పాడు. కాగితం మీద ‘సరఅ’ అని పడింది. అతణ్ణే అడిగితే చెప్పాడు: “కండ్లు తిరిగినాయి సార్, ఒళ్ళంతా సెమట్లు పోసినాయి. ముందరంతా సీకటైపాయె. కింద పడినాక ఒక్క నిమిషానికే తెలివొచ్చె.” స్వేదం ఉంది, ప్రళయం ఉంది, భరతుడి జాబితా సగం అందులోనే ఉంది. పరీక్షలు చేసి, అపస్మారం లేదని కాగితం రాసి పంపాను. అతడికి డ్రైవరు పనే అన్నం. ‘ఇగ్మా’ అని రాయవలసిన చోట ‘సరఅ’ అని రాస్తే ఆ అన్నం పోతుంది. అరబ్బీలో రెండు మాటలూ ఉన్నాయి, తెలుగులోనూ ఉన్నాయి. దాటేటప్పుడు ఒకటి జారిపోయింది.

ఇది పరదేశపు చిక్కు మాత్రమే కాదు. హిందూ వివాహచట్టానికి 1976లో చేసిన సవరణ, పదేపదే వచ్చే అపస్మారాన్ని పెళ్ళికి అడ్డుగా నిలిపింది. 1999లో గాని ఆ మాటను తొలగించలేదు. చట్టం మారినా పెళ్ళిచూపులలో గుసగుసలు మారలేదు. ఉపవాసం చేసి గుడి వరుసలో కళ్ళు తిరిగి పడిన అమ్మాయికి ‘మూర్ఛ’ అన్న పేరు తగిలితే దాన్ని వదిలించడం ఏ వైద్యుడికీ సులభం కాదు. నిజంగా అపస్మారం ఉన్నవారికి కూడా ఈ గందరగోళం మేలు చేయదు. చికిత్సకు లొంగే మెదడు జబ్బు వారిది. దాన్ని కథలలోని బలహీనతతో, నాటకంతో కలిపితే వారి బాధ కూడా నటనలా కనిపిస్తుంది.

వాడుక స్థిరపడిన మాటను శాసించి వెనక్కి తేలేం. ‘మూర్ఛవ్యాధి’ అన్న పేరును ఆసుపత్రుల నుంచి తొలగించమని నేను కోరడం లేదు. అడిగేది రెండు చిన్న పనులు. పాత కావ్యాలకు వ్యాఖ్యలు, పాఠ్యపుస్తకాలకు అర్థాలు రాసేవారు ‘మూర్ఛ’ దగ్గర ఒక్క వాక్యం అదనంగా రాయాలి, ఇది స్పృహ తప్పడం మాత్రమేనని. ఇక ఇంగ్లీషు నుంచి అనువదించేవారు ‘స్వూన్’ ఎదురైనప్పుడు ఎవరు, ఎందుకు పడ్డారో చూసి మాట ఎన్నుకోవాలి. నెత్తురు చూసిన రోజలిండ్ సొమ్మసిల్లుతుంది. కీట్స్ సోలిపోతాడు. పాట విన్న అమ్మాయి సొక్కుతుంది. షమేలా తెలివి తప్పినట్టు పడుకుంటుంది. ఇంగ్లీషు ఒక్క క్రియతో నెట్టుకొచ్చిన చోట మనకు నాలుగున్నాయి. వాటిని కవులు, అనువాదకులు బతికించి ఉంచితే, రేపు ఏ ఎండలోనో పడిన మనిషి గురించి పక్కవాడు “సొమ్మసిల్లాడు సార్” అనగలుగుతాడు. వైద్యుడికి సగం పరీక్ష ఆ మాటలోనే పూర్తవుతుంది.